రంగు మక్కలు ఇంటి పెరట్లో పండించడం ఎలా?

మా గుమ్మానికి కట్టిన రంగు మక్క (మొక్కజొన్న) కంకుల గుత్తిని చూసినవాళ్లు దాదాపు అందరూ అవే మూడు ప్రశ్నలు అడుగుతారు. విత్తనం ఎక్కడ దొరుకుతుంది? మేము వేస్తే సగం గింజలు పసుపుగానే ఎందుకు వచ్చాయి? ఎండబెడితే బూజు పట్టింది, ఏం చేయాలి? విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

విత్తనం సంగతి తేలిక. అసలు పని మిగిలిన రెండింటిలోనే ఉంది. రంగు మక్క కంకి పాడయ్యేది రెండు సమయాల్లో: కంకి కొసన పీచు బయటికి వచ్చిన వారంలో, కోశాక ఎండబెట్టే నెలలో. మిగతాదంతా మామూలు మక్క సాగే. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పుట్టినవాళ్లకు అది కొత్తగా నేర్పే పని లేదు. అందుకే ఆ రెండు సమయాల గురించే ఎక్కువ రాస్తాను.

ఏ రకం వేయాలి

ఎక్కువమంది అడిగేది గ్లాస్ జెమ్. అద్దపు పూసల్లా మెరిసే గింజల రకం ఇదే. అమెరికాలోని ఓక్లహోమాలో కార్ల్ బార్న్స్ అనే రైతు అక్కడి ఆదివాసీ తెగల పాత మక్కల నుంచి ఏళ్ల తరబడి ఏరి, కలిపి తీసిన రకం. 2012లో దాని ఫొటో ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా తిరిగింది. ఒక్కో కంకి ఒక్కో రంగుల కలయికతో వస్తుంది. ఫొటోలో ఉన్న కంకే మీ చేతికి వస్తుందని మాత్రం అనుకోకండి. 40 మొక్కలు వేస్తే కొన్ని అబ్బురంగా ఉంటాయి, చాలావరకు బాగుంటాయి, కొన్ని మామూలుగా ఉంటాయి.

రెండోది స్ట్రాబెర్రీ పాప్‌కార్న్. 2, 3 అంగుళాల పొట్టి కంకులు, ముదురు ఎరుపు గింజలు. మొక్క కూడా ఎత్తు పెరగదు కాబట్టి డాబా మీద బ్యాగుల్లో వేసేవాళ్లకు ఇదే మేలు. మొదటిసారి వేసేవాళ్లకు కూడా నేను దీన్నే చెబుతాను. ఎందుకో 1వ మెట్టులో తెలుస్తుంది.

ఈ విత్తనాలు ఆన్‌లైన్‌లో చిన్న పొట్లాలుగా అమ్ముతున్నారు. కొనేముందు ఏ ఏడాది పంటో అడగండి. రెండేళ్లు దాటిన విత్తనం సగం కూడా మొలవకపోవచ్చు. పొట్లం రాగానే 10 గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టండి. 5 రోజుల్లో 8 మొలిస్తే మంచి విత్తనం. 5 మాత్రమే మొలిస్తే గుంటకు మూడు చొప్పున వేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. విత్తనాల దుకాణాల్లో సంచుల్లో గులాబీ రంగు, ఎర్ర రంగు మక్కలు కనిపిస్తాయి. అవి రంగు మక్కలు కావు. మామూలు పసుపు హైబ్రిడ్ విత్తనానికి శిలీంధ్రనాశక మందు పట్టించి, తినకుండా గుర్తుగా రంగు కలిపినవి. వేస్తే పసుపు కంకులే వస్తాయి. ఆ గింజలు వండటం గానీ, పేలాలు చేయడం గానీ, కోళ్లకు వేయడం గానీ చేయకూడదు. నీళ్లతో కడిగినా మందు పోదు.

ఏమేం కావాలి

• స్థలం: 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. రోజుకు కనీసం 6 గంటల ఎండ పడాలి. డాబా మీదైతే 15 అంగుళాల గ్రో బ్యాగులు 16 నుంచి 20.
• విత్తనం: మొలక పరీక్షకు 10 కాక 80 గింజలు. మొలక తక్కువైతే 120.
• పశువుల ఎరువు: బాగా మాగినది 3, 4 తట్టలు.
• డీఏపీ 100 గ్రాములు, పొటాష్ 60 గ్రాములు, యూరియా 200 గ్రాములు. రసాయన ఎరువులు వద్దనుకుంటే పశువుల ఎరువు రెట్టింపు చేసి, వేపపిండి 2 కిలోలు కలపండి.
• వేపనూనె, పిచికారీ డబ్బా.
• బటర్ పేపర్ కవర్లు చిన్నవి 40, ఖాకీ కాగితం కవర్లు పెద్దవి 10, స్టాప్లర్.
• కంకులు వేలాడదీయడానికి తాడు. వాన పడని, గాలి ఆడే చోటు.

1. ముందు చుట్టూ చూడండి

విత్తనం కొనకముందే చేయాల్సిన పని ఇది. నేను మొదటిసారి చేయలేదు. మా పెరటికి వంద మీటర్ల దూరంలో మక్క చేను ఉంది. రెండూ ఒకే వారం పూతకు వచ్చాయి. తీరా కంకి విప్పితే లేత రంగులో రావలసిన గింజలన్నీ పసుపు ముద్దలు. ఆ గింజల్నే దాచి మళ్లీ వేస్తే, రెండో పంటలో పసుపు ఇంకా పెరిగింది.

కారణం ఇది. మక్క గాలి వల్ల పరాగం పడే మొక్క. మామిడిలోనో వంకాయలోనో వేరే రకం పుప్పొడి పడినా ఆ కాయ రంగు మారదు. మక్కలో అలా కాదు. గింజ లోపలి పొరల రంగు తండ్రి మొక్క పుప్పొడిని బట్టి కూడా మారుతుంది, అదీ ఆ పంటలోనే. గింజ పైన ఉండే పలుచని తోలు రంగు మాత్రం పూర్తిగా తల్లి మొక్కదే. ముదురు ఎరుపు రకాల్లో రంగు చాలాసార్లు ఈ పైతోలులో ఉంటుంది కాబట్టి పక్కచేను పుప్పొడి పడినా ఆ ఏడాదికి కంకి ఎర్రగానే వస్తుంది. మొదటిసారి వేసేవాళ్లను ఎర్ర రకంతో మొదలుపెట్టమన్నది అందుకే. ఆ గింజలను మళ్లీ విత్తితే మాత్రం కలగలుపు బయటపడుతుంది.

హన్మకొండ, కాజీపేట కాలనీల్లో ఉన్నవాళ్లకు ఈ బెడద పెద్దగా ఉండదు. నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ ఊళ్లవాళ్లకు తప్పదు. మీకు మూడు దారులున్నాయి:

అ) 300 మీటర్ల లోపు మక్క చేను లేని చోట వేయడం.
ఆ) పక్క రైతు ఎప్పుడు విత్తాడో అడిగి, కనీసం 25 రోజుల తేడాతో వేయడం. రెండు పూతలూ కలవకూడదు.
ఇ) కవర్లు కట్టి చేత్తో పరాగం చల్లడం. పద్ధతి 6వ మెట్టులో ఉంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మన వైపు చాలా ఊళ్లలో రైతులు కంపెనీలకు మక్క విత్తనం పండిస్తారు. మీ పెరటి రంగు మక్క పుప్పొడి ఎగిరి ఆ చేలో పడితే కంకుల మీద ఊదా గింజలు కనిపిస్తాయి, విత్తనం పనికిరాదంటారు. మన ముచ్చటకు ఒక రైతు పంట పోకూడదు. దగ్గరలో విత్తన మక్క చేను ఉంటే ఆ కాలంలో వేయనే వేయకండి. కవర్లు కట్టినా వద్దు. కవర్లు మీ కంకిని కాపాడతాయి గానీ మొక్క కొసన వచ్చే మగపూత నుంచి పుప్పొడి ఎగరకుండా పూర్తిగా ఆపలేవు.

2. కాలం ఎంచుకోండి

మక్క అనగానే మృగశిర కార్తెలో విత్తడం మనకు అలవాటు. తినే మక్కకు అది సరే. అలంకారపు మక్కకు నేను యాసంగే మంచిదంటాను. జూన్‌లో వేసిన కంకి సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో ఎండాలి. అప్పటికి వానలు వెనుదిరగవు. చెట్టు మీదే కంకి లోపలికి నీరు దిగి, కొస నుంచి బూజు మొదలవుతుంది.

అక్టోబర్ 15 నుంచి నవంబర్ 10 లోపు విత్తండి. డిసెంబర్ చివర, జనవరి మొదట్లో పీచు వస్తుంది. ఫిబ్రవరి పొడిగాలిలో కంకి చెట్టు మీదే చక్కగా ఎండుతుంది.

జనవరి, ఫిబ్రవరిలో మాత్రం విత్తకండి. పూత మార్చి, ఏప్రిల్‌లో పడుతుంది. మన దగ్గర అప్పటి ఎండకు పుప్పొడి చచ్చిపోతుంది, పీచు మాడిపోతుంది, కంకి పళ్లూడిన నోరులా వస్తుంది.

బతుకమ్మకు, దసరాకు కంకులు కావాలని చాలామంది అడుగుతారు. దానికి యాసంగి కంకులనే ఎండబెట్టి దాచుకోండి. బాగా ఎండిన కంకి రంగు ఏడాదైనా చెక్కుచెదరదు.

3. నేల సిద్ధం చేయండి

ఎర్ర చెలక నేల అయితే ఎరువు ఎక్కువ కావాలి. నల్లరేగడి అయితే నీరు పోయే దారి కావాలి. మొలిచిన నెల రోజుల వరకు మక్క నిలవ నీటిని అసలు తట్టుకోదు. ఒక పూట నీళ్లు నిలిచినా ఆకులు పసుపెక్కి గిడసబారతాయి. నల్లనేల అయితే బోదెలు తీసి, బోదె పక్కన విత్తండి.

పశువుల ఎరువు, డీఏపీ, పొటాష్ విత్తే ముందే మట్టిలో కలపండి. యూరియా ఇప్పుడు వద్దు.

4. విత్తండి

గోడ వెంట ఒకే వరుసలో వేయడం నేను ఎక్కువ ఇళ్లలో చూసిన తప్పు. చూడటానికి అందంగా ఉంటుంది, కంకులు మాత్రం బోసిగా వస్తాయి. పుప్పొడి పైనుంచి పడుతుంది, గాలికి పక్కకు పోతుంది. ఒకే వరుస అయితే చాలావరకు దారి మీద పడుతుంది. చదరంగా, నాలుగు వరుసలకు తగ్గకుండా వేయాలి.

10 అడుగుల వైపు 2 అడుగులకు ఒకటి చొప్పున 5 వరుసలు గీయండి. ఒక్కో వరుసలో అడుగుకో గుంట, మొత్తం 8. గుంటకు 2 గింజలు, అంగుళంన్నర లోతు. మొత్తం 40 మొక్కలు నిలవాలి. గ్రో బ్యాగులైతే బ్యాగుకు 2 మొక్కలు, బ్యాగులన్నీ ఒకదానికొకటి ఆనేలా చదరంగా పేర్చండి.

రెండు రకాలు కలిపి వేయకండి. స్ట్రాబెర్రీ, గ్లాస్ జెమ్ పక్కపక్కనే వేస్తే రెండూ కలిసిపోతాయి. ఒక కాలానికి ఒక రకం చాలు.

5 నుంచి 7 రోజుల్లో మొలకలు వస్తాయి. చలి ఎక్కువైతే ఇంకో రెండు రోజులు ఆగండి. మొలక కనిపించగానే గోరింకలు, కాకులు పీకి కింది గింజ తింటాయి. మొదటి 10 రోజులు పాత దోమతెర గానీ, ముళ్లకంప గానీ కప్పి ఉంచండి. 12వ రోజున గుంటకు బలమైన ఒక మొక్క ఉంచి రెండోదాన్ని కత్తిరించండి. పీకితే పక్కమొక్క వేరు కదులుతుంది.

5. పూత వరకు

యూరియా మూడు సార్లు వేయాలి: 15వ రోజు, 30వ రోజు, మగపూత తొంగిచూసే ముందు. ప్రతిసారి తోట మొత్తానికి 65 గ్రాములు, మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో వేసి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. రెండోసారి వేసినప్పుడు మట్టి మొదళ్లకు ఎగదోయండి. ఈ పాత రకాలకు కాండం సన్నం, గాలికి పడిపోతాయి. పడేలా ఉంటే నాలుగు మూలలా కర్రలు పాతి చుట్టూ తాడు కట్టండి.

గ్లాస్ జెమ్ మొదలు దగ్గర పిలకలు వేస్తుంది. మామూలు మక్కలో చూడనిది కాబట్టి కొందరు తీసేస్తారు. ఉంచండి, వాటికీ మగపూత వస్తుంది, పుప్పొడి పెరుగుతుంది. ఇంకో సంగతి, చలికాలపు చిన్న పగళ్లకు ఈ విదేశీ రకాలు త్వరగా పూతకొచ్చి పొట్టిగానే ఉండిపోవచ్చు. టెన్షన్ పడకండి, కంకి చిన్నదైనా రంగు తగ్గదు.

లేత ఆకులు తెల్లబారి, ఈనెకు రెండు వైపులా తెల్లటి పట్టీలు వస్తే అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి.

ఇక కత్తెర పురుగు. 2018లో మన దేశంలో మొదటిసారి కనబడింది. ఇప్పుడు అది రాని మక్క చేను అరుదు. ఆకుల మీద కాగితం గీకినట్టు తెల్ల మచ్చలు, తర్వాత చిల్లులు, సుడిలో (మొక్క నడిమిన లేత ఆకులు చుట్టుకున్న చోట) తడి రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే అదే. పురుగు తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. 40 మొక్కల తోటకు చేతితో ఏరడం కన్నా మంచి మందు లేదు. 10వ రోజు నుంచి రోజు విడిచి రోజు పొద్దున్నే ప్రతి సుడిలోకి తొంగి చూడండి. ఆకు మీద గుడ్ల కుప్ప కనిపిస్తే నలిపేయండి. సుడిలో చిటికెడు పొడి ఇసుక వేస్తే లోపలి పిల్లపురుగు ఒరుసుకుని చస్తుంది. ఇసుక తొమ్మిది వంతులు, సున్నం ఒక వంతు కలిపి వేసేవాళ్లూ ఉన్నారు. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లతో, సాయంత్రం సుడిలోకి దిగేలా కొట్టండి. పురుగు పెద్దదై సుడి లోపలికి దిగాక ఏ మందైనా పనిచేయడం కష్టం. మొదటి నెలే కీలకం.

6. పీచు వారం

తోటలో మీరు రోజూ ఉండాల్సిన వారం ఇది. ఊరికి వెళ్లే పని ఉంటే వాయిదా వేసుకోండి.

కంకి మీది ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. పోగు మీద పుప్పొడి పడితేనే ఆ గింజ పుడుతుంది. అంతకుమించిన శాస్త్రం ఇక్కడ అక్కరలేదు. మగపూత ముందు విచ్చుకుంటుంది, రెండు మూడు రోజులకు పీచు వస్తుంది. ఈ వారంలో నేల ఆరకూడదు. నీటి ఎద్దడి ఉంటే పీచు ఆలస్యమై, అది వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది.

దగ్గరలో వేరే మక్క లేకపోతే పని తేలిక. మంచు ఆరాక, పొద్దున 9 నుంచి 11 మధ్య మొక్కలను ఒక్కొక్కటిగా మెల్లగా ఊపండి. పసుపు పొడి రాలడం కనిపిస్తుంది. వారం రోజులు ఇలా చేయండి.

దగ్గరలో వేరే మక్క ఉంటే ఇలా చేయాలి:

అ) ఆకు మొదలు దగ్గర పిందె కంకి కనిపించగానే, పీచు ఇంకా బయటికి రాకముందే, బటర్ పేపర్ కవరు తొడగండి. ఒక్క పోగు బయట పడ్డాక తొడిగితే ఆలస్యమైనట్టే. రోజూ సాయంత్రం ఒకసారి తోటంతా చూస్తేనే ఇది దొరుకుతుంది.

ఆ) కవరు లోపల చాలా కంకులకు పీచు రెండు అంగుళాలు పెరిగాక, ఒక సాయంత్రం పీచు కొసలను అంగుళం ఉంచి సమంగా కత్తిరించండి. తెల్లారేసరికి బ్రష్‌లా మళ్లీ పెరుగుతుంది, అన్ని పోగులకూ పుప్పొడి అందుతుంది. అదే సాయంత్రం 8, 10 మొక్కల మగపూతలకు ఖాకీ కవర్లు తొడిగి మెడ దగ్గర స్టాప్లర్ కొట్టండి.

ఇ) మర్నాడు 9 గంటల తర్వాత మగపూతను వంచి, కవరు తట్టి పుప్పొడి దులపండి. అన్ని కవర్లలోదీ ఒకదాంట్లో కలపండి. ఒకే మొక్క పుప్పొడి ఆ మొక్కకే వేస్తే రంగుల వైవిధ్యం తగ్గుతుంది, తర్వాతి తరం బలహీనమవుతుంది.

ఈ) కంకి కవరు తీసి, పీచు మీద పుప్పొడి చల్లి, వెంటనే మళ్లీ కవరు వేయండి. ఒక కంకికి పది సెకన్ల కన్నా ఎక్కువ పట్టకూడదు. రెండు మూడు రోజులు వరసగా చేయండి. కొత్తగా వచ్చే పోగులు ఉంటాయి.

పుప్పొడి కొన్ని గంటలకు మించి బతకదు. పొద్దున దులిపింది సాయంత్రం చల్లితే ఫలితం ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడటాన్ని కూడా నమ్ముకోకండి.

పని సరిగా జరిగిందా? నాలుగైదు రోజుల తర్వాత పరీక్షకు ఒకే ఒక్క కంకి కోయండి. పొరలను కత్తితో నిలువుగా చీరి, పీచు చెదరకుండా విప్పి, కంకిని తలకిందులుగా ఊపండి. పరాగం అందిన గింజల పీచు రాలిపోతుంది. అందని గింజల పీచు అంటుకునే ఉంటుంది. సగానికి పైగా అంటుకుని ఉంటే, మిగతా కంకుల మీద ఇంకా తాజా పీచు ఉన్నంతలో మళ్లీ చల్లండి.

7. విప్పి చూడకండి

రంగు వచ్చిందో లేదో చూడాలన్న ఆత్రంలో పొరలు విప్పి మళ్లీ మూసేవాళ్లు చాలామంది. అందులో పురుగు దూరుతుంది, మంచు దిగుతుంది, బూజు పడుతుంది. పైగా పాలు పట్టే దశలో గింజలు చాలావరకు తెల్లగానే ఉంటాయి. రంగు ముదిరే కొద్దీ తేలుతుంది. పీచు వచ్చిన మూడు వారాలకు విప్పి, రంగే రాలేదని మొత్తం తోట కోసి బర్రెకు వేసినవాళ్లు నాకు తెలుసు. బయటి నుంచి వేళ్లతో నొక్కి చూస్తే గింజ నిండిందో లేదో తెలుస్తుంది. ప్రస్తుతానికి అది చాలు.

పాలు పట్టినప్పటి నుంచి రామచిలుకలు, ఉడుతలు దిగుతాయి. పెరట్లో మంచె కట్టలేం, ఒడిసెల తిప్పలేం. పీచు గోధుమ రంగుకు ఎండాక ప్రతి కంకికి పాత కాగితం కవరు గానీ, నైలాన్ వల సంచి గానీ కట్టండి. ప్లాస్టిక్ కవరు కట్టకండి, లోపల చెమట పట్టి కుళ్లుతుంది. కోతులు తిరిగే చోట తోట మొత్తానికి పైనుంచి కూడా కప్పే గట్టి వల తప్ప ఇంకేదీ పనిచేయదు. అంత ఖర్చు వద్దనుకుంటే, కోతుల ఊళ్లో డాబా మీద మక్క వేయకపోవడమే మంచిదని చెబుతాను.

8. ఎప్పుడు కోయాలి

పొరలు గడ్డి రంగుకు ఎండి, కంకి కిందికి వాలాలి. అప్పుడు ఒక కంకి నుంచి రెండు గింజలు తీసి చూడండి. గింజ బెండుకు అతుక్కునే కొస దగ్గర గోటితో గీకితే నల్లటి పొర కనిపించాలి. అది కనిపిస్తే గింజ పూర్తిగా ముదిరినట్టు. బొటనవేలి గోరు గుచ్చితే దిగకూడదు.

నల్లపొర వచ్చాక కూడా వాన భయం లేకపోతే ఇంకో వారం పది రోజులు చెట్టు మీదే ఉంచండి. మబ్బు పట్టేలా ఉంటే ఆగకుండా కోసేయండి. కోసేటప్పుడు కంకిని విరవకుండా, రెండు అంగుళాల కాడతో సహా కత్తితో కోయండి. గుత్తి కట్టడానికి ఆ కాడ, పొరలు రెండూ కావాలి.

9. ఎండబెట్టడం

అందరూ తొందరపడేది ఇక్కడే. కోసిన రోజు గింజ గట్టిగా ఉంటుంది కానీ లోపల ఇంకా నాలుగో వంతు నీరే ఉండొచ్చు. అలాగే గోడకు కడితే వారంలో బెండు వైపు నుంచి బూజు వస్తుంది.

కోసిన రోజే పొరలు వెనక్కి ఒలిచి, రెండేసి కంకులు కట్టి, తాడు మీద వేలాడదీయండి. కంకికి కంకి తగలకూడదు. నీడ, గాలి రెండూ ఉండాలి. వసారా మంచిది, వంటగది వద్దు. మిట్టమధ్యాహ్నపు ఎండలో డాబా మీద పరిస్తే త్వరగా ఎండుతాయి కానీ రంగు వెలుస్తుంది, కొన్ని గింజలు పగులుతాయి. తప్పనిసరైతే పొద్దున రెండు గంటల లేత ఎండ చాలు. వానాకాలం పంటైతే గదిలో ఫ్యాన్ కింద పెట్టండి.

యాసంగిలో మూడు వారాలు, వానాకాలంలో ఐదారు వారాలు పడుతుంది. రోజులు లెక్కపెట్టుకుని నమ్మడం కన్నా ఈ రెండు పరీక్షలు చేయండి.

తూకం: ఒక కంకికి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నాలుగు రోజులకోసారి వంటింటి త్రాసు మీద తూచి రాయండి. వరసగా రెండుసార్లు బరువు తగ్గకపోతే ఎండినట్టే.

ఉప్పు: పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఊపండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజలో ఇంకా తేమ ఎక్కువ ఉంది. అంటుకోకుండా అడుగున పొడిగా ఉంటే దాచుకోవచ్చు.

ఆకుపచ్చగా, పసుపుపచ్చగా బూజు పట్టిన కంకిని ఏ వాడకానికీ ఉంచకండి. అలాంటి బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అది వండినా పోదు. బర్రెకు వేస్తే పాలలోకి వస్తుంది. ఇంటివాళ్లకైనా, గొడ్డుకైనా, కోడికైనా పెట్టకుండా పూడ్చేయండి.

కంకి చూసి తప్పు పట్టడం

కొస ఒక్కటే బోసిగా ఉంటే చివరి పోగులకు పుప్పొడి అందలేదు, లేదా ఎరువు, నీరు తగ్గింది. పెద్ద లోపం కాదు. కంకి అంతటా అక్కడక్కడా ఖాళీలుంటే వరుసలు తక్కువయ్యాయి, లేదా పూత సమయంలో ఎండ ఎక్కువైంది. మొత్తం మొక్కలకు కంకులే చిన్నవైతే ఒత్తుగా వేశారు. రంగులున్నాయి కానీ పసుపు ఎక్కువైతే పక్కచేను పుప్పొడి వచ్చింది, ఆ గింజ విత్తనానికి వద్దు.

గింజ మీద చుక్కలు, చారలు ఉంటే మాత్రం అది రోగం కాదు. బార్బరా మెక్లింటాక్ అనే శాస్త్రవేత్త ఇలాంటి చుక్కల మక్క గింజలనే ఏళ్ల తరబడి చూసి, జన్యువులు తమ చోటు మార్చుకుంటాయని కనిపెట్టారు. దానికి 1983లో నోబెల్ వచ్చింది. అలాంటి కంకి మీకు వస్తే ముందు దాన్ని దాచుకోండి.

10. వాడుకోండి

మూడు కంకుల పొరలను జడలా అల్లి, జనపనార తాడుతో కట్టి గుమ్మానికి వేలాడదీయండి. చిన్న స్ట్రాబెర్రీ కంకులు తోరణానికి బాగుంటాయి. మామిడాకుల మధ్యలో ఒకటి చొప్పున కట్టవచ్చు. మెరుపు కోసం వార్నిష్ పూసేవాళ్లున్నారు. నాకు నచ్చదు, ఈ గింజకు సహజంగానే మెరుపు ఉంది. పూస్తే ఆ కంకిని తర్వాత తినకూడదు, పక్షులకు కూడా వేయకూడదు.

తినవచ్చా అంటే, మందు కొట్టని ఇంటి పంట అయితే నిక్షేపంగా. పచ్చి కంకి కాల్చుకుని తినాలని మాత్రం ఆశపడకండి. తీపి ఉండదు, త్వరగా గట్టిపడుతుంది. ఎండిన గింజను పేలాలు చేసుకోవాలి, లేదా పిండి పట్టాలి. పేలాలు ఏ రంగు గింజకైనా దాదాపు తెల్లగానే వస్తాయి, పిల్లలకు ఇది ముందే చెప్పండి. గింజ మరీ ఎండితే పేలదు. అప్పుడు సీసాలో అరకిలో గింజలకు ఒక చెంచా నీళ్లు చల్లి, మూత పెట్టి, రోజూ ఊపుతూ మూడు రోజులు ఉంచితే పేలుతుంది.

రవ్వ పట్టించి గట్క వండితే మామూలు మక్క గట్కలాగే ఉంటుంది, కొంచెం గట్టి రుచి. నీలి, ఊదా గింజల రంగు ఉడికాక బూడిదగా మారుతుంది. దించాక కొంచెం నిమ్మరసం పిండితే ఎర్రబారుతుంది. రొట్టెకు ఎర్ర గింజల పిండి కన్నా నీలి గింజలదే నాకు ఇష్టం. చొప్ప బర్రెకు, బెండ్లు పొయ్యికి.

11. విత్తనం దాచుకోండి

అన్నిటికన్నా అందమైన ఒక్క కంకి దాచి దాన్నే వేస్తే రెండు మూడు తరాల్లో మొక్కలు బలహీనమై కంకులు చిన్నబోతాయి. 40 మొక్కల్లో నచ్చిన 15, 20 కంకులు ఏరి, ప్రతి కంకి మధ్య భాగం నుంచి 20 గింజల చొప్పున తీసి అన్నీ కలపండి. మొదలు దగ్గరి గింజలు, కొస గింజలు వంటకు వాడుకోండి.

ముక్క పురుగు దీనికి పెద్ద శత్రువు. ఉప్పు పరీక్షలో నెగ్గిన గింజలనే గాలి దూరని సీసాలో పోసి, ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టే చోట ఐదు రోజులు ఉంచి తీయండి. పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. తేమ ఉన్న గింజను అక్కడ పెడితే గింజే చస్తుంది. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. గుమ్మానికి కట్టబోయే కంకులకు కూడా ఇదే చేయండి. ఫ్రిజ్ లేకపోతే జల్లించిన కట్టెల బూడిద కలిపి, పైన ఎండు వేపాకు వేసి మూత బిగించండి. సీసా మీద రకం పేరు, ఏడాది, ఆ కాలంలో చుట్టుపక్కల మక్క ఉందో లేదో రాసి అంటించండి.